ఐసు ఫ్యాక్టరీలో దగ్గు

గోపాలపూర్ జాలరిపేట చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది చూశారూ, దీపాలు పెట్టాక అటు ఎవరూ వెళ్లరు. లోపల నీలం చీరలో ఆడమనిషి ఉందంటారు. ఉంటే ఉండనీ, మనమేమైనా అద్దె అడిగామా? చేపలమ్మే అప్పలనరసమ్మ మాత్రం వెళ్లిందట... మూడుసార్లు.

మొదటిసారి మనవరాలి కోసం. కొడుకూ కోడలూ సూరత్ పనికి పోతే ఏడేళ్ల రింకిని ఆమే చూసుకుంటోంది. పిల్లకి ఫ్లూ జ్వరం. బరంపురం డాక్టరు ఫణిభూషణ్ పది గొట్టం మాత్రలిచ్చాడు. పొద్దున్నొకటి, రాత్రొకటి, అయిదు రోజులు. రెండు పడ్డాయో లేదో, రింకి గోడతో మాట్లాడ్డం మొదలెట్టింది.

"నీలం సీరావిడ పిలుస్తంది, నానమ్మా..."

"ఆ మాత్రలు పిల్లల బుర్ర తిప్పేస్తాయట. ఫోన్లో సూసినాను," అంది పక్కింటి కాసులు.

ముసలమ్మకి ఎటూ తేలలేదు. దెయ్యమా, మాత్రా? రెండింటినీ ఒకేసారి వదిలించాలనుకుంది. మిగిలిన ఎనిమిది మాత్రల అట్టతోనే పిల్లకి దిష్టి తీసింది. దిష్టి తీసింది ఇంట్లో ఉంచరు కదా! ఎర్రగుడ్డలో కట్టి, చీకటి పడగానే ఫ్యాక్టరీ గుమ్మంలో పెట్టేసింది.

"నువ్వే మింగు. నా పిల్లనొగ్గీ."

మర్నాటి రాత్రికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. రింకి తలుపు తీసుకుని ఫ్యాక్టరీ వైపే పరుగు! ఎలాగో పట్టుకొచ్చి డాక్టరుకి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"మాత్రలు వేస్తున్నారా?"

"ఆపేసినాను బాబూ."



"ఆ జ్వరమే అలా ఆడిస్తుందమ్మా, మందు కాదు. మందు పడిన పిల్లల్లోనే ఇలాంటివి తక్కువని తేలింది. వెంటనే ఒకటేసి, పిల్లని తీసుకొచ్చెయ్యండి."

కొట్లు కట్టేశారు. పిల్లని కాసులు ఒళ్లో పడేసి ఫ్యాక్టరీకి పరుగెత్తింది.

గుమ్మంలో ముడి విప్పి ఉంది. అట్టలో ఆరే మాత్రలున్నాయి. లోపల్నుంచి — దగ్గు.

"తప్పు కాయి తల్లీ... పిల్ల మందిది," అని లాక్కుని ఇంటికొచ్చి పడింది.

పిల్ల దక్కింది. మూడోనాటికి ఆసుపత్రిలో "ఆకలే" అంటే, ముసలమ్మ భోరుమంది. తగ్గిన రెండింటి కోసం కొత్త అట్ట కొన్నారు. అందులో ఎనిమిది మిగిలాయి.

వాటిని పట్టుకుని చీకటివేళ మళ్లీ వెళ్లింది.

"మధ్యలో ఆపకూడదట, తల్లీ."

నాలుగు రోజులు పోయాక, చేపల గంపతో అటు వెళ్తూ చూసిందట. దగ్గు లేదు. గుమ్మంలో ఎర్రగుడ్డ నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద ఖాళీ అట్ట.