రెండో రోజు నడక

డిటెక్టివ్ ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక గానీ నర్సు ముఖానికి చుట్టుకున్న స్కార్ఫ్ తీయలేదు.

"రేపు ఆస్పత్రిలో విచారణ అండీ. ఉద్యోగం పోతే పోనీండి. మా అమ్మాయి బడికెళ్ళడం మానేసింది. దాని క్లాసులో అందరి ఫోన్లలోనూ నేనే ఉన్నాను."

డిటెక్టివ్ ఒకప్పుడు లెక్కల టీచరు. అందరూ ఆమెను పంతులమ్మ అంటారు. అసిస్టెంట్ మాత్రం మేడమ్ అంటాడు; ఆమె దగ్గినా అందులో ఏదో మర్మం ఉందనుకునే రకం. ఇద్దరూ ఆ వీడియో చూశారు. ఆస్పత్రి హాల్లో ఆరుగురు నర్సులు పాటకు చిందులేస్తున్నారు, మధ్యలో ఈమె. ఆస్పత్రి పేజీలోంచి దాన్ని తీసుకుని తన పేజీలో పెట్టినవాడు చనిపోయిన రోగి కొడుకు. "మా అమ్మ మంచం మీంచి పడి చచ్చిపోతుంటే ఈ సిస్టర్ డాన్సు చేస్తోంది" అని రాశాడు. నాలుగు లక్షలమంది చూశారు. "ఎంత అన్యాయం!" అన్నాడు అసిస్టెంట్.

నర్సు జరిగింది చెప్పింది. రీలు తీయాలి, అందరూ కిందికి రావాలని ఆస్పత్రి మీడియా మేనేజర్ మధ్యాహ్నం మూడింటికి కబురు పెట్టాడు. వార్డు వదిలి ఎలా వచ్చేదని అడిగితే, డాక్టరుగారే రమ్మన్నారన్నాడు. మోకాలి ఆపరేషన్ అయి రెండో రోజున్న పెద్దావిడ కునుకు తీస్తోంది. నర్సు ఆవిడ పళ్ళసెట్టు తీసి డబ్బాలో పెట్టి, మంచం రెయిలింగ్ పైకెత్తి వెళ్ళింది. కింద లైట్లు కళ్ళల్లో కొట్టి ఎదుట ఎవరున్నదీ కనపడలేదు. పాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఆగేదాకా ఆడుతూనే ఉండమన్నాడు మేనేజర్. తిరిగొచ్చేసరికి ఆవిడ నేలమీద ఉంది, రెయిలింగ్ దించి ఉంది. సాయంత్రానికి ప్రాణం పోయింది. నర్సు అసలు రెయిలింగ్ ఎత్తనే లేదని ఆస్పత్రి వాదన.

పంతులమ్మ ఆస్పత్రికెళ్ళి అడిగితే మేనేజర్ తడుముకోకుండా చెప్పాడు, మొదటినుంచి చివరిదాకా కెమెరా వెనకాలే ఉన్నానని. ఆపరేషన్ చేసిన డాక్టరు పేజీ నిండా మేనేజర్ తీసిన వీడియోల్లో ఆయన రోగులే, ఆపరేషన్ అయిన రెండో రోజే కర్ర లేకుండా నడుస్తూ, నవ్వుతూ. ఆయన పేరు మోగిపోయింది వాటివల్లే. పంతులమ్మ ఓపిగ్గా అన్నీ చూసింది. తర్వాత కొడుకు ఇంటికెళ్ళి, ఆస్పత్రివాళ్ళిచ్చిన తల్లి సామాన్ల సంచి అడిగింది. పళ్ళ డబ్బా ఖాళీ.

"పళ్ళు నోట్లోనే ఉన్నాయండీ. శవం అప్పగించాక నేనే తీశాను," అన్నాడతను.

నిద్రలో పెట్టుకునేవారా అని అడిగితే, లేదు, తినేటప్పుడూ పరాయివాళ్ళ ముందూ మాత్రమే అన్నాడు.

మర్నాడు విచారణకు ముందు పంతులమ్మ నర్సు, కొడుకు, డాక్టరు, మేనేజర్ నలుగురినీ ఆ ఖాళీ మంచం దగ్గరికి రప్పించింది.

"పళ్ళు డబ్బాలో పెట్టి నర్సు కిందికి వెళ్ళింది. పడేటప్పటికి అవి నోట్లో ఉన్నాయి. అది భోజనం వేళ కాదు. అంటే పరాయివాళ్ళెవరో వచ్చి ఆవిణ్ణి లేపారు." మేనేజర్ వైపు తిరిగింది. "మీ వీడియోలన్నీ చూశాను బాబూ. మనుషులతోపాటు మీ కెమెరా కూడా నడుస్తుంది. డాన్సు వీడియో మాత్రం ఇంత కూడా కదల్లేదు. స్టాండు మీద వదిలేసి పైకొచ్చారు కదూ? ఈ నర్సులుంటే ఆవిణ్ణి లేవనివ్వరని కిందికి పంపారు."

డాక్టరు అదంతా ఊహ అన్నాడు. మేనేజర్ ఆయన వైపు తిరిగాడు.

"సాయంత్రానికి నడక వీడియో పెట్టి తీరాలన్నది మీరే సార్. వాకర్ కనపడకూడదన్నదీ మీరే." అతను జేబులోంచి ఫోన్ తీశాడు. "రెయిలింగ్ నేనే దించాను. ఆవిడ పడగానే భయమేసి పారిపోయాను. మీకు చెప్తే నోరు మూసుకోమన్నారు."

ఆరోజు తీసిన నడక వీడియో అతను చెరపలేదు. ఫోన్‌లో పెద్దావిడ గొంతు వినిపించింది: "సిస్టర్‌ని రానీ నాయనా, అప్పుడు నడుస్తా." పంతులమ్మ అక్కడితో ఆపేసింది.

కొడుకు మంచం పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తను పెట్టిన పోస్టు తీసేశాడు. జనం ఫోన్లలో ఉన్నది తీయడం తన చేతుల్లో లేదన్నాడు. బడి మానేసిన అమ్మాయి సంగతి పంతులమ్మ అప్పుడు చెప్పింది.

"నేనే ఆ క్లాసుకొచ్చి చెప్తానక్కా. మీ తప్పేం లేదని చెప్తాను," అన్నాడు నర్సుతో.

నర్సు తల అడ్డంగా ఊపింది.

"లేదనకు తమ్ముడూ. అమ్మగారు నాకోసం చూశారు. అప్పుడు నేను కింద డాన్సు చేస్తున్నాను. పైవాళ్ళు చెయ్యమన్నారని చేశాను. ఆ మాట కూడా చెప్పు."