ఇరవై రెండో లాప్

మొదటి రోజే కొట్టుకున్నారిద్దరూ. చేతులతో కాదు, రేడియోలో.

"మూడో మలుపులో బ్రేక్ తొందరగా వేస్తున్నారు. ఇంకో పది మీటర్లు ఆగి వెయ్యండి," అందామె హెడ్‌సెట్‌లో.

"కారులో ఉన్నది మీరా, నేనా?"

"మీరే. కానీ కారు ఏం చేస్తోందో ఇక్కడ నాకు కనబడుతోంది."

"అవునూ, మీ నాన్నగారి టీమ్ కాబట్టి ఇచ్చారా మీకా కుర్చీ, లేక పరీక్ష రాసి తెచ్చుకున్నారా?"

గ్యారేజీలో మెకానిక్‌లు నవ్వాపుకోలేక అటు తిరిగారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"రాసే తెచ్చుకున్నా. అందులో మీరిప్పుడు ఫెయిలవుతున్నారు," అంది.

కారు దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె మాట్లాడకుండా లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. తెర మీద రెండు గీతలు, ఎవరెక్కడ బ్రేక్ వేశారో చూపిస్తూ. ఎర్రది అతనిది, నీలంది అదే టీమ్‌లో నడిపే ఆమె అన్నయ్యది. అతను కాసేపు చూసి తల గోక్కున్నాడు.

"పది కాదండీ, పన్నెండు మీటర్లు."

"థాంక్స్ చెప్పడానికి ఇదో పద్ధతా?"

"అలవాటు లేదు మేడమ్. నేర్చుకుంటా."

టీమ్ ఆమె నాన్నది. ఆమె అందులో ఇంజినీరు, కారులో ఉన్నవాడికి రేడియోలో సూచనలివ్వడం పని. మనం రోజూ రోడ్డు మీద చూసే కార్లే, లోపల సీట్లన్నీ పీకేసి, ఇనప గొట్టాల పంజరం బిగించి పరిగెత్తించే పోటీ అది. నేషనల్ చాంపియన్‌షిప్, ఏడాదికి ఎనిమిది రౌండ్లు. నాన్న తన వయసులో పద్నాలుగేళ్లు తిరిగాడు, ఒక్కసారీ కప్పు ముట్టుకోలేదు. ఇప్పుడు ఆయనవి రెండు కార్లు. ఒకటి కొడుకుది. రెండోది ఈ ఏడాదే వచ్చినవాడిది. పేరుతో పని లేకుండా అందరూ అతన్ని కొత్తబ్బాయి అనేవారు.

"నా దగ్గర ఇద్దరూ సమానమే. ఎవరు ముందుంటే వాళ్లదే గెలుపు," అని మాటిచ్చాడు నాన్న, అతను చేరిన రోజున అందరి ముందూ.

రెండో రౌండ్‌లో వర్షం పట్టుకుంది. అలాంటిలాంటి వర్షం కాదు, ముందున్న కారు వెనక దీపం కూడా కనబడనంత.

"నాకేం కనబడట్లేదు," అన్నాడతను. మొదటిసారి ఆ గొంతులో వెటకారం లేదు.

"నాకు కెమెరాల్లో కనబడుతోంది. ఎడమ అంచున నీళ్లు నిలిచాయి, కుడికి రా. ఇంకా రా. ఇప్పుడు బ్రేక్."

మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఇద్దరూ గమనించలేదు. అతని ముందున్న మూడు కార్లు ఆ నీళ్లలోనే జారి గడ్డిలోకి పోయాయి. అతను గెలిచాడు. దిగగానే తడి చేతి తొడుగు తీసి, "థాంక్స్. చూశావా, నేర్చుకున్నా," అన్నాడు.

అక్కణ్ణించి ఇంక చెప్పక్కర్లేదు. నాలుగో రౌండ్ నాటికి కాంటీన్‌లో రెండు కాఫీలు తెచ్చేవాడు, ఆమె దాంట్లో చక్కెర మరిచిపోయేవాడు, తిట్లు తినేవాడు. ప్రాక్టీస్ మధ్యలో, "ఇంజిన్ ఎలా ఉంది?" అని ఆమె అడిగితే, "బాగుంది. నువ్వెలా ఉన్నావు?" అనేవాడు. ఆ రేడియో పదిమంది వింటారు. ఆమె తల దించుకుని నోట్సులో ఏదో రాస్తున్నట్టు నటించేది.

"నీ చెల్లెలు నవ్వడం నేర్చుకుందిరోయ్," అని మెకానిక్‌లు ఆమె అన్నయ్యని ఏడిపించేవాళ్లు.

అన్నయ్యకి అది పదకొండో సీజన్. కిందటేడు గోడకి గుద్దినప్పుడు మెడ ఎముక చిట్లింది. ఈ ఒక్క ఏడాదికే అని చెప్పి డాక్టరు సంతకం పెట్టాడు. అమ్మ పోయినప్పుడు ఆమెకి ఏడేళ్లు. రోజూ పొద్దున్నే జడలేసి బడికి దింపిందీ, ఇంజిన్ విప్పి ఏది ఏమిటో చూపించిందీ, అంతా ఆ అన్నయ్యే.

ఎనిమిదో రౌండ్ వచ్చేసరికి అన్నయ్య, కొత్తబ్బాయి పాయింట్లలో సమానంగా నిలిచారు. ఆ రోజు ఎవరు ముందొస్తే వాళ్లే చాంపియన్.

కొత్తబ్బాయి వాళ్లమ్మ మొదటిసారి రేసు చూడ్డానికి వచ్చింది. కుట్టుపని చేసే మనిషి. రేడియో దగ్గరున్న ఆమె రెండు చేతులూ పట్టుకుని, "వీడు రేసుకెళ్తే ఇంట్లో నాకు అన్నం సహించేది కాదమ్మా. నీ మాట చెవిలో ఉంటుందని తెలిశాక ధైర్యమొచ్చింది," అంది.

ముప్ఫై లాప్‌ల రేసు, ట్రాక్ చుట్టూ ముప్ఫై చుట్లు. ఇరవై ఒకటి అయ్యేసరికి కొత్తబ్బాయి ముందు, అతని వెనకే అన్నయ్య. మధ్య దూరం పెరుగుతోందే గాని తగ్గట్లేదు.

ఇరవై రెండో లాప్ సగం దాటింది. నాన్న వెనక నుంచి వచ్చి ఆమె మైక్ మీద అరచెయ్యి కప్పాడు.

"గేర్‌బాక్స్ వేడెక్కుతోందని చెప్పు. స్పీడు తగ్గించమను."

గేర్‌బాక్స్ వేడి చూపించే మీటరు కారులో ఉండదు. అది ఆమె తెర మీదే కనబడుతుంది. ఆమె చూసింది. అంకె మామూలుగానే ఉంది.

"వేడెక్కలేదు నాన్నా."

"నాకూ కళ్లున్నాయి. చెప్పు."

"ఇద్దరూ సమానమన్నావు!"

"అన్నాను. మీ అన్నకి ఇంక ఎనిమిది లాప్‌లే ఉన్నాయి చిన్నీ. ఆ అబ్బాయికి ఇంకా పదేళ్లున్నాయి."

"అయితే నువ్వే చెప్పుకో."

"నేను చెబితే నమ్మడు. నువ్వు చెబితే నమ్ముతాడు."

తెర మీద నీలం గీత వణుకుతోంది. అన్నయ్య మెడ నొప్పితో స్టీరింగ్ తిప్పుతున్నాడని ఆ గీత చూస్తే ఆమెకి తెలుస్తుంది. నాన్న చెయ్యి తీశాడు. ఆమె బటన్ నొక్కింది.

"గేర్‌బాక్స్ వేడి పెరుగుతోంది. పై గేర్లు వాడకు. నెమ్మదించు."

"నాకేం తేడా తెలియట్లేదే. ఖాయమా?"

"ఖాయం."

"సరే."

ఇంకో ప్రశ్న లేదు. అవతల ఇంజిన్ మోత దిగిపోవడం ఆమెకి హెడ్‌సెట్‌లో వినబడింది. రెండు లాప్‌ల తర్వాత అన్నయ్య అతన్ని దాటిపోయాడు.

రేసయ్యాక గ్యారేజీ అంతా అరుపులు. అన్నయ్యని భుజాల మీదికెత్తుకున్నారు. కొత్తబ్బాయి చెమటలు కక్కుతూ ఆమె దగ్గరికొచ్చి, నవ్వడానికి ప్రయత్నించాడు.

"పోతే పోయిందిలే. నువ్వు చెప్పకపోతే నడిదారిలో ఆగిపోయేవాణ్ణి. రెండో స్థానమైనా దక్కింది."

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

అదే సాయంత్రం టీమ్ లారీ పక్కన కుర్చీలు వేసుకుని అందరూ కూర్చున్నప్పుడు నాన్న లేచి కొత్తబ్బాయి భుజం మీద చెయ్యేశాడు. వాళ్లమ్మవైపు చూసి, "పిల్లలిద్దరికీ నచ్చినట్టుందమ్మా. మాకూ ఇష్టమే. వచ్చే ఏడాది టీమ్‌లో నంబర్ వన్ మీవాడే, మా ఇంటి అల్లుడు కూడా," అన్నాడు.

వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. మెకానిక్‌లు చప్పట్లు కొట్టారు. కొత్తబ్బాయి ముఖం వెలిగిపోయింది.

ఆ మాట కోసం ఆమె నెలలుగా ఎదురుచూసింది. తీరా వినబడేసరికి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. అతని దగ్గర కప్పు లాక్కుని, ఆ వెలితిలో కూతుర్ని సర్దుతున్నాడు నాన్న.

అతన్ని టైర్ల గుట్టల వెనక్కి తీసుకెళ్లింది.

"సిగ్గా?" అన్నాడు నవ్వుతూ.

"గేర్‌బాక్స్ వేడెక్కలేదు."

"ఆఁ?"

"అబద్ధం చెప్పాను. నాన్న చెప్పమన్నాడు. చెప్పింది మాత్రం నేనే."

అతని నవ్వు వెంటనే పోలేదు. ఎటు పోవాలో తెలియనట్టు ముఖం మీదే కాసేపుంది.

"ఖాయమా అని అడిగాను."

"అడిగావు."

"తిట్టుకుంటూ నడిపానే, ఎనిమిది లాప్‌లూ! నిన్ను కాదు, ఆ కారుని." ఒక టైరు మీద కూలబడ్డాడు. "మా అమ్మకి ఇందాక ఏం చెప్పానో తెలుసా? నువ్వు నన్ను కాపాడావని చెప్పాను."

"నన్ను తిట్టు. కొట్టినా సరే."

"ఎందుకు?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. "కప్పు పోతే పోయింది. కానీ రేపట్నుంచి నువ్వు వర్షం వస్తోందన్నా కిటికీ తీసి చూసుకుంటాను. బాగానే ఉన్నానన్నా నీ నుదురు ముట్టుకుని చూస్తాను. అలా ఎన్నాళ్లు కాపురం చేస్తాం?"

"చెప్పకుండా ఉండాల్సిందా?"

అతను పక్కనున్న టైరుని కాలితో నెట్టాడు. "చెప్పకపోయుంటే సుఖంగా బతికేసేవాణ్ణి," అని లేచి, వాళ్లమ్మని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె అన్నయ్య గదికి వెళ్లింది. మెడకి ఐస్ సంచీ పెట్టుకుని పడుకునున్నాడు. కప్పు బల్ల మీద ఉంది. మొత్తం చెప్పింది.

"అనుమానమొచ్చింది," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఎదిరించకుండా దారిచ్చాడు. వాడలాంటివాడు కాదు."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"పదకొండేళ్లుగా ఈ కప్పు కోసమే చిన్నీ. నువ్వే చెప్పు, ఎలా ఊరుకోకుండా ఉంటాను?"

మర్నాడు ఆమె చాంపియన్‌షిప్ ఆఫీసుకి ఉత్తరం రాసింది, గేర్‌బాక్స్ అంకెలు జతచేసి. నాన్న ఒక్కటే అన్నాడు: "ఆ ఉత్తరం పోస్టు చేశావా, మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు." పోస్టు చేసింది. ఎక్కలేదు.

విచారణ రోజు ఆమె, కొత్తబ్బాయి ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత చోటు.

"ఇదంతా నా కోసమా?" అన్నాడతను.

"కాదు. నీ కోసమైతే ఆ లాప్‌లోనే చెయ్యాల్సింది."

అతను తలూపాడు. అతన్ని లోపలికి పిలిచారు. తలుపు సరిగా పడలేదు, మాటలు బయటికి వినబడుతున్నాయి.

"కారు బాగానే పోతోందని మీకే తెలుస్తోంది కదా. మరెందుకు తగ్గించారు?" అంటున్నాడు అధికారి.

"ఆమె చెప్పింది కదండీ," అన్నాడతను.

ఆమె లేచి మెట్లు దిగిపోయింది.

పదిహేను రోజులకి అన్నయ్య పేరు కొట్టేసి కొత్తబ్బాయిని చాంపియన్ అని ప్రకటించారు. అప్పటికి ఆమె వేరే ఊళ్లో, టైర్లు పరీక్షించే కంపెనీలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్తబ్బాయి వాళ్లమ్మ.

"కప్పొచ్చిందమ్మా. బల్ల మీద పెట్టా. వాడు దానివంక చూడనైనా చూడడు."

"సంతోషం అండీ."

"ఒకసారి వచ్చి వెళ్లకూడదూ?"

ఆమె కుర్చీలోంచి లేచింది. "తను రమ్మన్నాడా?"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. అవునంటే చాలు, ఆమె ఆ పూటే బస్సెక్కేది. ఆ సంగతి ఆ తల్లికీ తెలుసు.

"లేదమ్మా," అంది వాళ్లమ్మ. "అబద్ధం చెప్పలేను."