తలుచుకున్నదే పోతుంది

డాక్టర్ నరసింహను ఎవరూ చంపలేదు. చాండ్లర్‌లో ఆస్పత్రి మంచం మీద కూర్చుని నిక్షేపంగా ఉప్మా తింటున్నాడు. కాకపోతే ఏళ్ల తరబడి కష్టపడి కనిపెట్టిన మందు సంగతి మాత్రం ఆయనకు బొత్తిగా గుర్తులేదు.

"ఆయన మందు ఆయనకే పొడిచారు," అంది కనకదుర్గ. ప్లేనోలో ఇండియన్ స్టోర్ వెనక గదిలోంచి ఒక సీక్రెట్ ఏజెన్సీని నడిపే మనిషి ఆవిడ. "పేరు ఎల్-సెవెన్. ఏదైనా తలుచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం మెదడులో కాసేపు మెత్తబడుతుంది. కొత్త ప్రొటీన్లు తయారైతేనే మళ్లీ గట్టిపడుతుంది. ఈ కెమికల్ ఆ ప్రొటీన్లని ఆపేస్తుంది. తలుచుకున్నది పోతుంది."

"తలుచుకోకపోతే?" అడిగింది ఏజెంట్ దేదీప్య.

"పోదు. అందుకే ఏదో ఒకటి చేసి తలుచుకునేలా చేస్తారు. రేపు సాయంత్రం గ్రే ల్యాంప్ ముఠా ఆ ఫార్ములాని చాండ్లర్‌లో ఆయన ల్యాబ్ సర్వర్ నుంచి దేశం దాటిస్తోంది. దాటిందా, ఇక ఏ కోర్టులోనూ సాక్షి మిగలడు. సర్వర్ రూమ్ మైక్‌లో నీ గొంతుతో కోడ్ చెప్తే లాక్ పడుతుంది. మన ఆఫీసులో ఎవరో లీక్ చేస్తున్నారు, కాబట్టి ఎక్కడా రాయొద్దు. బట్టీ పట్టు."

స్టోర్ వెనక కూర్చునే ఆవిడ కోడ్‌లో కూరగాయలు కాక ఇంకేముంటాయి.

మర్నాడు ఫీనిక్స్ ఎయిర్‌పోర్ట్ నుంచి రాజీవ్ డ్రైవ్ చేశాడు. గ్రే ల్యాంప్‌లో దొంగ సభ్యుడిగా చేరి ఏజెన్సీకి కబుర్లు మోసే అందగాడు. వచ్చే నెలలో అతనికీ దేదీప్యకీ ఎంగేజ్‌మెంట్. దారి పొడుగునా ఆమె పెదవులు కదుపుతూ కోడ్ గొణుక్కుంటూనే ఉంది.

ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో అడుగు పెట్టేసరికి స్క్రీన్ మీద అప్‌లోడ్ నడుస్తోంది. మైక్ ఆన్ చేసింది. వెనక నుంచి మెడలో సూది దిగింది. ఒక చెయ్యి ఆమె నోరు మూసింది.

"సారీ దీపూ," అన్నాడు రాజీవ్. "కోడ్ ఒక్కటి మర్చిపో. ఇద్దరం హాయిగా ఇంటికెళ్దాం. కార్‌లో రెండు మాటలు విన్నాను. బీర, సొర..."

బట్టీ పట్టిన బుర్రతో వచ్చే తంటా అదే. మొదటి మాట చెవిన పడితే మిగతావి వాటంతట అవే తోసుకొస్తాయి. మూడో మాట దాదాపు తలపుకొచ్చేసింది.

దేదీప్యకు ఒళ్లు మండిపోయింది. నా బుర్రలోంచి ఏది పోవాలో వీడు చెప్తాడా? నేను చెప్తాను.

అతన్నే తలుచుకుంది. సన్నీవేల్ షటిల్ స్టాప్‌లో తడుస్తూ గొడుగిచ్చిన రాజీవ్. పెసరట్టు మాడ్చి దానికి కొత్త పేరు పెట్టిన రాజీవ్. ఆమెకు జ్వరం వస్తే రాత్రంతా నేల మీద పడుకున్న రాజీవ్. ఒక్కొక్కటీ వెతికి మరీ బయటికి లాగింది. అన్నీ ఇష్టమైనవే. ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. పొట్లకాయకు చోటే మిగల్లేదు.

స్క్రీన్ మీద అప్‌లోడ్ తొంభై ఏడు శాతం. ఆమె మొహం ఖాళీ అవడం చూసి రాజీవ్ చెయ్యి తీశాడు.

"చెప్పు, కోడ్ ఏంటి?"

"మీరెవరండీ?"

అతను బిత్తరపోయాడు. ఆ అపరిచితుణ్ణి మోచేత్తో పక్కకు నెట్టి దేదీప్య మైక్ మీదికి వంగింది. మొదటి రెండు మాటలు ఇంకా చెవిలో మోగుతూనే ఉన్నాయి.

"బీర, సొర, పొట్ల, దొండ, కాకర, బెండ, చిక్కుడు, వంకాయ."

తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ ఎర్రబడి ఆగిపోయింది. బయట కాపలా ఉన్న ఏజెంట్లు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చారు.

ఆ రాత్రి ఇంటరాగేషన్ రూమ్ అద్దంలోంచి, బేడీలతో కూర్చున్న మనిషిని కనకదుర్గ చూపించింది. దేదీప్య చాలాసేపు చూసింది. ఎందుకో కళ్లు తడిగా ఉన్నాయి, కారణం తెలియలేదు.

"చూడ్డానికి బాగున్నాడు మేడమ్. పెళ్లయిందా?"

"వెంట్రుకవాసిలో తప్పింది," అంది కనకదుర్గ.