మూడోసారికి పలికే యంత్రం

సందెవేళ ఐసు ఫ్యాక్టరీలో పొగమంచు మోకాళ్లదాకా లేచింది. ఆ తెల్లదనంలో టెర్మినల్ తెర ఒక్కటే వెలుగుతోంది.

‘నూకరత్నం గారూ, మూడో ట్యాంకులో నీళ్లు గడ్డకట్టాయి. మోటారు ఆపమంటారా?’

నూకరత్నం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెర మళ్లీ అడిగింది. ఆమె కదల్లేదు. మూడోసారి అడిగాక, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘ఆపు’ అని కొట్టింది. మంచులో ఎక్కడో మోటారు నిట్టూర్చి ఆగింది.

గోడకున్న పెట్టెను కంట్రోలర్ అంటారు. చలి కొలుస్తుంది, వాల్వులు తిప్పుతుంది. ఇన్నాళ్లూ దానికి ఎర్రదీపం, పచ్చదీపం తప్ప మాటల్లేవు. యంత్రాలకు మాటలు నేర్పే పరిశోధన చేస్తూ పై ఊరి నుంచి వచ్చిన డాక్టర్ మృణాళిని దానికి రాత నేర్పింది. అది టెర్మినల్‌కి కబురు రాస్తుంది, మనిషి రాసింది చదువుకుంటుంది. ఎదుటి మనిషి తీరు చూసి తనూ ఆ తీరే పట్టుకుంటుంది.

“వెంటనే ఎందుకు పలకవమ్మా?” అంది మృణాళిని.

“సందెవేళ కదండీ. పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలక్కూడదు. గాలీ ధూళీ అయితే రెండుసార్లకు మించి పిలవలేదంట.”

“ఇది యంత్రం.”

“దీనికీ మొహం కనబడదు కదండీ.”

మృణాళిని నవ్వబోయి ఆగింది. “రేపు ఓనరు గారొస్తారు. జవాబు ఆలస్యమైతే నిన్ను మళ్లీ ఐసు దిమ్మలు మోయడానికి పంపేస్తారు.”

నూకరత్నం మోకాళ్లు నిమురుకుంది. ఇరవయ్యేళ్ల చలి వాటిలో చేరి కూర్చుంది. ఈ కుర్చీ పోతే పనే పోయినట్టు.

“చెయ్యి రాదండీ,” అంది నేలచూపులు చూస్తూ.

చివరికి మృణాళినే దిగొచ్చింది. ఏ కబురైనా గబగబా మూడుసార్లు పంపమని కంట్రోలర్‌కి చెప్పి, ఓనరును మెప్పించి, తన ఊరు వెళ్లిపోయింది.

ఆ తర్వాత సాయంత్రాలు కలల్లా గడిచాయి. ‘వాన మొదలైంది, గోడ చెమర్చింది’ అని అది అడక్కుండానే రాసేది. ఆమె తనంతట తాను ఏదైనా చెబితే మాత్రం అది మూడోసారికి గానీ పలికేది కాదు. నూకరత్నానికి అది వింతగా తోచలేదు. బుద్ధిమంతురాలి లక్షణమే అనుకుంది.

ఏడాది తిరిగాక ఓనరు గౌరీపతి వచ్చాడు. “ఇంత తెలివి వచ్చాక దీనికి మనిషి కాపలా ఎందుకు?” అంటూ ఆమెను లేపి, తనే కుర్చీలో కూర్చున్నాడు.

‘టెర్మినల్ మూసెయ్. ఇకనుంచి అన్నీ నువ్వే చూసుకో’ అని కొట్టాడు.

తెర పలకలేదు.

మళ్లీ కొట్టాడు. పలకలేదు.

నూకరత్నం గోడకి ఆనుకుని అతని వేళ్లనే చూస్తోంది. ఇంకొక్కసారి కొడితే చాలని ఆమె ఒక్కదానికే తెలుసు.

“ఏమ్మా, ఇంకోసారి కొట్టాలా ఏం?”

“తమరిష్టం అండీ.”

గౌరీపతి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నా నోట ఒక మాట రెండుసార్లు రావడమే ఎక్కువ. మూడోసారి ఈ రేకు పెట్టెకి చెప్పుకోవాలా?” అని లేచాడు. “మొండిదైపోయింది. దీన్ని కనిపెట్టి ఉండటానికి ఒక్క మనిషి చాలదు.”

మనుషుల్ని తగ్గించడానికి తెచ్చిన యంత్రం ముందు, వారం తిరక్కుండానే రెండో కుర్చీ పడింది.