రెండోసారి ఆడిన ఫైనల్

మేనమామ అంజిబాబు మీద మాణిక్యానికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎప్పుడూ తప్పు చేయడు. అలాంటి మనిషితో ఒకే వంటింట్లో రోజుకు పది గంటలు గడపడం ఏమిటో గడిపినవాళ్ళకే తెలుస్తుంది. పులుసులో ఉప్పు ఎక్కువైతే అది సముద్రపు గాలి మహిమ. కేకు మాడితే దోషం ఓవెన్‌ది.

గల్ఫ్‌లోని ఖోర్ ఫక్కాన్ పోర్టులో మేనేజరుగా పనిచేసే ఇంగ్లీషు ముదీర్ ఇంట్లో అంజిబాబు వంటవాడు. మాణిక్యం ఆ ఇంటి పిల్లల్ని చూసుకుంటుంది. అమలాపురంలో ఉన్న తల్లి, అక్కడ తన తమ్ముడున్నాడన్న ధైర్యంతోనే కూతుర్ని విమానం ఎక్కించింది. కాబట్టి మాణిక్యం పెళ్ళి మాట ఎవరెత్తినా ముందు అంజిబాబు తల ఊపాలి. ఇంతవరకూ ఆ తల అడ్డంగానే ఊగింది.

రాజేశ్వర్ పోర్టులో ఎలక్ట్రీషియన్. ఆర్మూరు దగ్గరి పల్లె. మార్చిలో ముదీర్ ఇంటి మీద ఏంటెన్నా సరిచేయడానికి వచ్చాడు. దుబాయ్ టీవీ బొమ్మ కొండలు దాటి వచ్చేసరికి అలిసిపోయేది. అతను డాబా మీద తిప్పుతుంటే, మాణిక్యం కిటికీలోంచి చెప్పేది.

"ఇప్పుడెట్లుంది?"

"చీమలు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పెద్ద చీమలు."

"నేను ఎండల మాడుతుంటె మీకు పరాచికంగ ఉన్నదా?"

"మాకెందుకండీ పరాచికం. ఉన్నమాట చెప్తున్నాం."

బొమ్మ అరగంట కిందటే అద్దంలా వచ్చిందని ముదీర్ చిన్నకూతురు చెప్పేసింది. రాజేశ్వర్ దిగొచ్చి టీవీని చూశాడు, మాణిక్యాన్ని చూశాడు. రెండోది కాస్త ఎక్కువసేపు చూశాడు. ఆ తర్వాత ఏంటెన్నాకు ప్రతి శుక్రవారం ఏదో ఒక జబ్బు చేయసాగింది.

"మే నెల వచ్చింది. ఆకు కదలడం లేదు. ఏంటెన్నా మాత్రం వారం వారం తిరుగుతోంది," అన్నాడు అంజిబాబు ఉల్లిపాయలు తరుగుతూ. "ఆ కుర్రాడూ అంతేనమ్మా. ఇవాళ ఈ పోర్టు, రేపు ఇంకో షెడ్డు. నిలకడ లేని మనిషి."

"ఉల్లిపాయల్లో వేలు పడుతుంది, చూసుకో మావయ్యా."

ఎనభైమూడు మే ఇరవై ఒకటి, శనివారం. లండన్‌లో ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. మాంచెస్టర్ యునైటెడ్‌కీ, బ్రైటన్‌కీ ఆట. హాల్లో ముదీర్, ఆయన స్నేహితులు, అరవై సమోసాలు. వంటింటి గుమ్మంలో అంజిబాబు, మాణిక్యం, బొమ్మ పోతే పట్టుకోవడానికి పిలిపించిన రాజేశ్వర్. అదనపు సమయం కూడా అయిపోయింది. చెరి రెండు గోల్స్‌తో సమానం.

"అయిపోయింది. ఖలాస్," అన్నాడు అంజిబాబు. "కప్పు చెరో ఆర్నెల్లు ఉంచుకుంటారు."

"లేదు కాకా. గురువారం మల్ల ఆడ్తరు."

అంజిబాబు నెమ్మదిగా తిరిగాడు. కుర్రతనంలో ఆయన కాకినాడలో గోలు కాసినవాడు. "ఫైనల్ అంటే ఫైనల్. మళ్ళీ ఆడితే దాన్ని ఫైనల్ అని ఎందుకంటారోయ్? మా టోర్నమెంటులో సమానమైతే రెండు జట్లకీ కలిపి కప్పిచ్చారు. ఒక చెవి నేను పట్టుకున్నాను, రెండో చెవి అవతలోడు. ఫోటో ఉంది."

"మీ కాడ గట్ల ఇచ్చిండ్రేమో. ఈళ్ళు నిరుడు గిట్లనే రెండుసార్లు ఆడిండ్రు, ముందటేడు గూడ గిట్లనే. రెండేండ్లూ మా క్యాంపుల ఏంటెన్నా పట్టుకున్నది నేనే."

"ఏంటెన్నా పట్టుకున్నోడికి ఆటేం తెలుస్తుంది? నువ్వు చూసింది చీమల్ని."

మాణిక్యం సమోసా ప్లేటు అందుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "అంత నమ్మకమైతే పందెం కాయొచ్చుగా."

అంజిబాబు కాశాడు. మళ్ళీ ఆట జరిగితే, ఈ అబ్బాయి మంచివాడని అక్కకు తానే ఉత్తరం రాస్తాడు. జరగకపోతే రాజేశ్వర్ ఈ వంటింటి గడప తొక్కకూడదు.

"సరే కాకా. మీరు పిలిచేదాక రాను," అన్నాడు రాజేశ్వర్. "గని జల్ది తేల్చుండ్రి. ఈడ పని ఒడిసింది. శుక్రవారం పొద్దుగాల తొమ్మిదింటికి మమ్ములను దూరం, ముసఫ్ఫాల పనికి తోలుకపోతున్నరు."

మాణిక్యం చేతిలోని ప్లేటు కాస్త వంగింది. సమోసా ఒకటి జారింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

బుధవారం ముదీర్ భార్య వంటింట్లోకి వచ్చి, రేపు రాత్రి అదే మనుషులు వస్తున్నారు, అవే అరవై సమోసాలు కావాలని చెప్పి వెళ్ళింది. అంజిబాబు పిండి కలిపాడు. మామూలు కంటే గట్టిగా కలిపాడు.

"రేపేంటి మావయ్యా?"

"ఎవరిదో పుట్టినరోజంట."

"శనివారం కూడా వాళ్ళదే అనుకుంటా. పాపం, ఏడాదికి రెండుసార్లు పుడుతున్నారు."

అంజిబాబు పిండిని ఇంకో గుద్దు గుద్దాడు.

గురువారం రాత్రి అంజిబాబు హాలు వైపు తల తిప్పకుండా సమోసాలు పంపించాడు. శుక్రవారం పొద్దున ముదీర్ నవ్వుతూ వచ్చి నాలుగు వేళ్ళు చూపించాడు. అంజిబాబు నాలుగు గుడ్లు వేయించి పెట్టాడు.

"అవి గుడ్లు కాదు మావయ్యా, గోల్స్," అంది మాణిక్యం. "మాంచెస్టర్ వాళ్ళు రాత్రి కొట్టినవి. మళ్ళీ ఆడిన ఫైనల్లో."

ఎనిమిదిన్నర అయింది. అంజిబాబు ఒకే ప్లేటును మూడోసారి కడుగుతున్నాడు.

"గెలిచినోడు తనే వచ్చి అడగొచ్చుగా?"

"నిన్న గోడ అవతల కనబడితే నేనూ అదే అన్నాను. పిల్లనడిగే ఇంటికి పంచాయితీ పెట్టుకుంట పోతరా అన్నాడు. నువ్వు పిలిచేదాకా రానన్నాడుగా, రాడు."

"నిజంగానే రాలేదు కదూ," అన్నాడు అంజిబాబు. ప్లేటును చూస్తూ అన్నాడు. "ఆరు రోజులు."

"నిలకడ లేదుగా మరి."

అంజిబాబు ప్లేటు బోర్లించాడు. మిగిలిన సమోసాలు డబ్బాలో సర్దాడు. చెప్పులు వేసుకుంటుంటే ఎడమది కుడికాలికి వెళ్ళింది. మాణిక్యం వెనకాలే నడిచింది, పరుగెత్తకూడదని తనకు తాను చెప్పుకుంటూ.

పోర్టు గేటు దగ్గర బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన రాజేశ్వర్. అంజిబాబు డబ్బా అందించాడు.

"దారిలో తినండి. ఎండ ఎక్కువగా ఉంది."

"సరే కాకా."

"ముసఫ్ఫాలో కూడా ఎండే."

"అవు కాకా."

డ్రైవర్ హారన్ కొట్టాడు. "యల్లా, యల్లా."

రాజేశ్వర్ అంజిబాబు వంక చూడలేదు. ఆయన వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. బస్సు కదిలింది. అంజిబాబు దానితోపాటు నాలుగడుగులు నడిచాడు, తర్వాత నడక చాలలేదు.

"ఒరే ఆపండి," అన్నాడు. బస్సు ఆగింది. కిటికీల్లోంచి నలభై తలలు బయటికొచ్చాయి. "ఉత్తరం ఇవాళే రాస్తాను. కాకా గీకా అనకు ఇంక, మావయ్యా అను. ఆట సంగతిలో తప్పు నాదే."

"ఆట సంగతి ఒక్కటేనా మావయ్యా?" అంది మాణిక్యం మెల్లగా.

అంజిబాబు మేనకోడల్ని చూశాడు, కిటికీలోని కుర్రాణ్ణి చూశాడు, నలభై తలలనూ చూశాడు.

"రెండు సంగతుల్లోనూ," అన్నాడు. "తప్పు నాదే."