బకెట్ తన్నారన్న మాట

శివరామకృష్ణ శవం మేడ వెనక మెట్ల కింద బోర్లా పడి ఉంది. పక్కన ఒక ప్లాస్టిక్ బకెట్ దొర్లి ఉంది.

రాజమండ్రిలో పుష్కరాలు అప్పుడే ముగిశాయి. ఘాట్ డ్యూటీలో అరిచి అరిచి సీఐ మల్లేశ్వరరావుకి గొంతు పోయింది. కళ్ళు మండుతున్నాయి.

"యాక్సిడెంటేనండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ అప్పాజీ. "నీళ్ళకి దిగుతూ బకెట్ తన్నుకుని పడ్డాడు. స్టూడెంటు కూడా అదే చెప్తోందండి."

సరేనని ఇంటికి పోయి పడుకోవాలనిపించింది సీఐకి. అయినా మెట్లెక్కాడు.

పైన శివరామకృష్ణ నడిపే స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్. ఆయన ఉండేదీ అక్కడే. బోర్డు మీద 'ఇడియమ్స్' అని రాసి ఉంది. కింద ఖాళీ. బెంచీల మీద ముగ్గురు కూర్చున్నారు. పదింటికి శవాన్ని చూసిన పనిమనిషి వీరమ్మ. ఇన్‌స్టిట్యూట్‌లో పార్ట్‌నర్ గణేష్‌బాబు. స్టూడెంటు దుర్గాశ్రీ.

"నిన్న సాయంత్రమే సామర్లకోట వెళ్ళానండి," అన్నాడు గణేష్‌బాబు. "పదిన్నరకి వీరమ్మ నా సెల్‌కి ఫోన్ చేస్తేనే తెలిసింది."

సీఐ దుర్గాశ్రీని అడిగాడు. "సారు బకెట్ తన్నడం నువ్వు చూశావా అమ్మా?"

"లేదండి. గణేష్‌బాబు గారే ఫోన్‌లో చెప్పారండి."

"ఎప్పుడు?"

"ఎనిమిదిన్నరకండి. కింద ఫోన్ బూత్ నుంచి ఆయన సెల్‌కి నేనే చేశాను. 'శివరామకృష్ణ గారు' అనగానే, నన్ను పూర్తి చెయ్యనివ్వలేదండి. 'ఐ నో, హి కిక్డ్ ద బకెట్, నో క్లాస్ టుడే' అన్నారు. కోపమొచ్చి బకెట్ తన్నారేమో అనుకుని ఇంటికెళ్ళిపోయానండి."

"అసలు నువ్వేం చెప్పబోయావు?"

"తలుపు తియ్యట్లేదనండి."



"ఆ మాటకి చచ్చిపోయాడని అర్థమమ్మా," అన్నాడు సీఐ నీరసంగా. "బాల్చీ తన్నేశాడంటారే, అదే." గణేష్‌బాబు వైపు తిరిగాడు. "పదింటిదాకా ఎవరూ చూడని చావు నీకు ఎనిమిదిన్నరకే ఎలా తెలిసింది?"

గణేష్‌బాబు తల వంచుకున్నాడు.

"తాగి క్లాసుకి రావద్దని నన్ను పిల్లల ముందే తిట్టాడండి. పొద్దున్నే అడుగుదామని వచ్చాను. మెట్ల మీద మాటామాటా పెరిగింది. తోశాను. చంపాలని కాదండి. కదలకపోయేసరికి పోయాడనుకుని పారిపోయాను."

"అనుకున్నావా? ముట్టుకుని చూశావా?"

గణేష్‌బాబు తల అడ్డంగా ఊపాడు. అప్పాజీ అతన్ని కిందికి తీసుకెళ్ళాడు.

దుర్గాశ్రీ వెక్కుతోంది. "ఇడియమ్స్ ఇవాళ మొదలెడతానన్నారండి సారు. నాకు దాని అర్థం తెలిసుంటే, వెనక్కెళ్ళి చూసేదాన్ని. బతికేవారాండి?"

పోస్ట్‌మార్టమ్ ఇంకా కాలేదు. ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

"లేదమ్మా," అన్నాడు సీఐ. "అప్పటికే అయిపోయింది. ఇంటికెళ్ళు."