దూదిపోగు పరీక్ష

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి కంటి డాక్టరు గోడకి చేరగిలబడి ఉన్నాడు. ప్రాణం మాత్రం పై అంతస్తులోనే పోయింది.

"చచ్చేముందు మనకి ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్టుమెంటులో అందరూ డేగ అంటారు. కుడికంటితో గురి పెట్టాడంటే తప్పిన దాఖలా లేదు.

చీఫ్ వివరించాడు. "కార్నియా అంటే కంటి ముందుండే అద్దం. అందులో కణాలు సిగ్నల్ మాలిక్యూల్స్‌తో కబుర్లు పంపుకుంటాయి. దెబ్బ తగిలితే 'మాన్పండి' అని ఒకటి, మానాక 'ఇక చాలు' అని ఇంకొకటి. ఒక విదేశీ ముఠా తయారుచేసిన కంటిచుక్కల్లో మొదటి కబురే ఉంది. మచ్చ మీద మచ్చ కట్టి, అద్దం కాస్తా సున్నం కొట్టిన గోడవుతుంది."

"ఎవరి కళ్ళలో వేస్తారు?"

"మన పైలట్ల కళ్ళలో. సరుకు ఆ డాక్టరు పనిచేసిన క్లినిక్‌లోనే ఉంది. ఏ గదిలోనో తెలీదు. తెలీకుండా రెయిడ్ చేస్తే సింకులో పోసేసి, ఇంకోచోట మొదలెడతారు."

కార్నియా నరాలు చచ్చిన రోగుల మీద ముఠా ఆ చుక్కల్ని పరీక్షిస్తోంది. నొప్పి తెలియనివాడు ఫిర్యాదు చేయడు కదా. డేగ అలాంటి రోగిగా చేరాలి.

పరికరాలు తయారుచేసే ముసలాయన్ని మేస్త్రి అంటారు. ఆయన గుండీ అంత సీసా డేగ చేతిలో పెట్టాడు.

"పరీక్ష ముందు ఒక్క చుక్క వేసుకో. కన్ను మొద్దుబారుతుంది. కానీ బాబూ, 'బతికుండండి' అని కణాలకి కబురు పంపేది ఆ నరాలే. రోజూ వాటి నోరు నొక్కితే నిజంగానే మూగబోతాయి."

"ఎన్నాళ్ళు వాడితే ఫర్వాలేదు?"

"ఫర్వాలేదని నేననలేదు."

క్లినిక్‌లో రోజూ పొద్దున్నే సర్జన్ వచ్చేవాడు. దూదిని పోగులా నలిపి, కొసతో రోగి కుడికంటి నల్లగుడ్డుని తాకేవాడు. రెప్ప వేసినవాడు దొంగరోగి. వాడికి లిఫ్టు సిద్ధంగా ఉంటుంది.

మేనేజరు మేడమ్ పట్టుచీర, సెంటు వాసన ముందు వచ్చి, తర్వాత మనిషి వచ్చేది. ఆమె తమ మనిషని ముఠా నమ్మకం. కాదు, మా మనిషని డిపార్టుమెంటు నమ్మకం. డేగకి రెండిటి మీదా నమ్మకం లేదు.

మొదటి రోజు మంచం పక్కన నిలబడి, "మీకోసం కళ్ళు కాయలు కాచాయండీ," అంది.

"పండాక కబురు పెట్టండి," అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది.

రోజులు గడిచేకొద్దీ, మేస్త్రి చుక్క పడుతున్న కుడికన్ను ఎర్రబడింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. అతనికి భయం వేసింది. ఆ కన్ను పోతే అతను డేగ కాదు, గుమాస్తా. పారిపోదామని చెప్పులు కూడా వేసుకున్నాడు.

పక్క మంచం మీది డ్రాయింగు మాస్టారు అలికిడి విన్నాడు. ఆయన కళ్ళు రెండూ సున్నంలా ఉన్నాయి. "బయట మబ్బు పట్టిందా బాబూ?" అని అడిగాడు. కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ ఆయన మొహం మీదే పడుతోంది.

"పట్టింది మాస్టారూ," అని డేగ చెప్పులు విప్పేశాడు.

మర్నాడు మేడమ్ దుప్పటి సర్దుతున్నట్టు వంగింది. "మీ సీసా దొరికిపోయింది. ఎవరిదో తేల్చడానికి సర్జన్ వస్తున్నాడు. నా దగ్గర వేరే చుక్క లేదు."

ఆమె మాట పూర్తవకముందే సర్జన్ లోపలికొచ్చాడు.

డేగ పళ్ళు బిగించాడు. కంట్లో నలుసు పడితేనే ప్రాణం విలవిల్లాడుతుందే, దూదిపోగుకి రెప్ప పడకుండా ఆపడం ఎవడి తరం? పోగు దగ్గరికొచ్చింది. నల్లగుడ్డుని తాకింది. అటూ ఇటూ కదిలింది.

అతనికి ఏమీ తెలియలేదు.

"పాస్," అన్నాడు సర్జన్. "వీడికి మన చుక్కలు మొదలెడదాం."

గెలిచానన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఏం పోయిందో డేగకి అర్థమైంది.

చుక్కలు వేయడానికి సర్జన్ అతన్ని లాండ్రీ గదిలోకి తీసుకెళ్ళాడు. ఇస్త్రీ దుప్పట్ల బీరువా పక్కకి జరిగింది. వెనక కోల్డ్ రూము, దాని అవతల వ్యాను. సరుకు పెట్టెలన్నీ ఎక్కించేశారు, ఇంజను ఆన్‌లో ఉంది. డేగ మోచేత్తో సర్జన్‌ని పడగొట్టి వ్యాను వైపు ఉరికాడు.

"అన్నయ్యా, కుడిపక్క!"

ఇన్నాళ్ళూ 'పేషెంటుగారూ' తప్ప అనని మేడమ్ గొంతు. కుడిపక్క అతనికి పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. వంగాడు. పడి లేచిన సర్జన్ పేల్చిన తూటా జుట్టుని రాసుకుంటూ పోయింది. మేడమ్ తూటా సర్జన్‌ని గోడకి చేర్చింది. ఆమె పిస్టల్ డేగ వైపు విసిరింది.

వ్యాను గేటు దాటుతోంది. డేగ ఎడమకంటితో గురి పెట్టాడు, ఎడమచేత్తో సంతకం చేస్తున్నట్టుంది. మొదటి తూటా గోడకి, రెండోది గాలికి. మూడోది టైరుకి తగిలింది. వ్యాను గేటు స్తంభాన్ని గుద్దుకుని ఆగింది.

ఆ సరుకు ఎయిర్‌బేస్ చేరలేదు. డ్రాయింగు మాస్టారికి మాత్రం మబ్బు విడలేదు.

ప్రభుత్వ కంటాసుపత్రిలో డేగకి నరాలు మళ్ళీ మొలవడానికి చుక్కలు వేస్తున్నారు. "ఇదీ ఒక కబురే," అంది డాక్టరమ్మ. "అందుకునే నరం మిగిలుంటే చిమచిమలాడుతుంది. దానికోసమే చూస్తున్నాం."

చీఫ్ పళ్ళు తీసుకుని చూడటానికొచ్చాడు. వాటిని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"నొప్పేమైనా ఉందా?"

"లేదు సార్," అన్నాడు డేగ. "అదొక్కటే బాధ."